దలెందా కట్టించిన దడి

దలెందా మొదటి నవల అచ్చయిన శీతాకాలంలో ట్యూనిస్ రేడియోలో అందులోంచి ఒక పేజీ చదివారు. ఆమె ఊరు రాస్ జెమ్లాలో, కాఫీ కొట్టులో పేకాట ఆగిపోయింది. కొట్టు యజమాని రేడియో గొంతు పెంచాడు. ఊళ్ళో పుట్టి, ఊరి బళ్ళోనే అరబిక్ పాఠాలు చెప్పుకునే పిల్ల రాసిన మాటలు రాజధాని గొంతులో వినబడుతున్నాయి. ఒక ముసలి జాలరి ఆక్టోపస్‌లు పట్టే తన కుండలు దించే చోటును నడిసముద్రంలో ఎలా పోల్చుకుంటాడో ఆ పేజీలో ఉంది. పీరు సమాధి మీది గుమ్మటం జంట ఖర్జూరాల వెనక్కి జరగాలి. సున్నపు బట్టీ పొగగొట్టం మసీదు మీనారుకు ఎడమగా, చెయ్యి చాపి చూస్తే బెత్తెడు దూరంలో నిలవాలి. అప్పుడు తెరచాప దించాలి.

చదవడం అయిపోయింది. ఒకాయన చేతిలో ముక్కలు బల్లమీద బోర్లించి, "అది ఖ్లీఫా చోటు కదయ్యా," అన్నాడు.

ఆ ఊరున్న కెర్కెన్నా దీవుల్లో కొండ అన్నది లేదు. నేల అరచెయ్యిలా ఉంటుంది. సముద్రం కూడా అంతే, మైళ్ళ దూరం నడుం లోతు దాటదు. ఆ నీళ్ళ మీద ఎవరి చోటు వాళ్ళకు తెలిసేది ఒడ్డున కనబడే చెట్లూ గుమ్మటాలూ కలిసే తీరును బట్టే. వాటిని గురుతులు అంటారు. తండ్రి తన గురుతుల్ని కొడుకుకు చెప్పేది ఇక పడవెక్కలేనని తేలాకే. అన్నదమ్ములు ఒకే పళ్ళెంలో తింటారు, ఒకే దుప్పటి కప్పుకుంటారు, గురుతులు మాత్రం ఒకరికొకరు చెప్పుకోరు.

ఈ సంగతి దలెందాకు తెలియక కాదు. పడవ జరిగే కొద్దీ ఒడ్డు కదిలినట్టు కనబడే ఆ తీరు ఆమెకు చిన్నప్పటినుంచీ అపురూపం. రాసేటప్పుడు మాట కుదిరిన సంతోషంలో, ఆ పేజీని చేపల కోసం చదివేవాళ్ళు కూడా ఉంటారన్న ఊహే రాలేదు.

ఆ నెల తిరక్కుండానే అవతలి ఒడ్డు నుంచి పడవలు వచ్చాయి. ఖ్లీఫా ఒక తెల్లవారుజామున వెళ్ళి చూస్తే తాళ్ళు తెగి తేలుతున్నాయి. కుండలు లేవు.

ఖ్లీఫా ఆమెకు చిన్నాన్న. తండ్రి పోయాక పెంచినవాడు. ఆ రోజు ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీ నాన్నకి కూడా చెప్పలేదు ఆ చోటు," అన్నాడు. "ఆడపిల్లవి, ఎలాగూ సముద్రం మీదికి పోవు గదా అని నీకు చూపించాను."

ఆ తర్వాత ఆయన ఆమెతో మాట్లాడడం మానేశాడు. దారిలో ఎదురుపడితే గాడిద చెవుల మధ్యనుంచి ముందుకు చూస్తూ వెళ్ళిపోయేవాడు. ఊరు దెప్పకుండా వదల్లేదు. పిల్లలు చేపలెక్కడ దొరుకుతాయని అడిగితే తల్లులు, "టీచరమ్మనడుగు, పుస్తకంలో రాస్తుంది," అనేవాళ్ళు. రాజధానిలో ఆమెకు ఒక బహుమతి ఇచ్చారు. అది తీసుకుని ఫెర్రీ దిగి వచ్చిన రోజు రేవులో ఒక్కరూ పలకరించలేదు.

ఆమె రాయడం మానలేదు. రాసే తీరు మార్చుకుంది. ఎవరి జీవితం నుంచి ఏది తీసుకున్నా, అచ్చుకు పంపే ముందు ఆ మనిషి ఇంటికి వెళ్ళి చదివి వినిపించేది. వద్దన్న మాట అక్కడికక్కడే కొట్టేసేది. మొదటిసారి పక్కింటి మహ్బూబా దగ్గర కూర్చుంది. మహ్బూబా కుండలకు కట్టే నార తాళ్ళు పేనుతుంది. నోరు కూడా తాడంత పొడుగు.

"నా ముక్కు గురించి రెండుసార్లు రాశావేం?"

"ఒకటి తీసేస్తాను."

"రెండూ తియ్యి. మా ఆయన ఇన్నేళ్ళూ నా ముక్కు సంగతి గమనించలేదు. నీ పుస్తకం చదివి ఇప్పుడు గమనిస్తాడు."

"మీ ఆయన చదవడు కదే."

"చదవడు. నువ్వొచ్చి వినిపిస్తావుగా."

ముక్కు పోయింది. దాని బదులు మహ్బూబా తన పెళ్ళినాడు డప్పులవాళ్ళు దారి తప్పి వేరే పెళ్ళిలో వాయించి వచ్చిన కథ చెప్పింది. అది ముక్కు కంటే బాగుంది. ఇలా ఇల్లిల్లూ తిరగడం వల్ల ఒక్కో నవలకు ఏళ్ళు పట్టేవి. ప్రచురణకర్త ఫోను చేసి, మీరు రచయిత్రా, తపాలా బంట్రోతా అని విసుక్కునేవాడు. అరుగుల మీద మాత్రం జనం చేరేవాళ్ళు. మగవాళ్ళు గోడకవతల నిలబడి వలలు బాగుచేసుకుంటున్నట్టు నటించేవాళ్ళు. ఖ్లీఫా ఇంటి అరుగు ఒక్కటే ఆమె తొక్కనిది.

దేశంలో గాలి మారి, ఊళ్ళకు కొత్తగా మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. జాబితాలో ఒక మగ పేరు తర్వాత ఒక ఆడ పేరు ఉండాలని చట్టం. మందుల దుకాణం నడిపే లమ్జద్ జాబితా కట్టుకుని దలెందా ఇంటికి వచ్చాడు.

"పేరు పెట్టనిస్తే చాలమ్మా. మీటింగులకి రావాలన్న బలవంతమేం లేదు."

"పేరు పెడితే వస్తాను."

"రావచ్చు, రావచ్చు," అన్నాడు లమ్జద్, ఒప్పుకున్నదో లేదో తేలక.

గెలిచారు. లమ్జద్ అధ్యక్షుడయ్యాడు. చెత్త, దీపాలు, రోడ్లు ఒక్కొక్కరూ పంచుకున్నారు. సముద్రం పని ఎవరూ ముట్టుకోలేదు, అందులో చెయ్యి పెడితే బంధుత్వాలు పోతాయి. మిగిలిందది, దలెందాకు వచ్చింది.

అప్పటికి సముద్రం పాడవుతోంది. కీస్ పడవలని వచ్చేవి, మోటారు పెట్టుకుని, బరువైన సంచివల అడుగున ఈడ్చుకుంటూ. అవి పోయిన దారిలో సముద్రపు గడ్డి వేళ్ళతో సహా లేచిపోయేది. గడ్డి పోతే గుడ్లు పెట్టే చోటు ఉండదు. దీవి వాళ్ళు చేపలు పట్టే పద్ధతి వేరు. లోతు లేని నీళ్ళలో ఖర్జూరపు మట్టలు నాటి పొడుగాటి దడి కడతారు. ఆటు నీటితో వెనక్కి మళ్ళే చేప దడి వెంట పోయి పోయి కొసన ఉన్న మావు అనే అల్లిక బుట్టలో పడుతుంది. చేపను తరమరు, దాని దారిలో దాన్ని పోనిస్తారు. తాతల నాటి నుంచి ఒక్కో దడి ఒక్కో కుటుంబానిది. ఆ ఏడాది మావులు ఎత్తితే నాచూ ప్లాస్టిక్ సీసాలూ వచ్చాయి.

కీస్ పడవలు లోపలికి రావడానికి ఉన్న దారి ఒక్కటే, రెండు దీవుల మధ్య లోతుగా ఉన్న పాయ. ఆ పాయకు రెండు వైపులా ఉన్న దడుల్ని నీళ్ళలోకి పొడిగించి, తెరచాప పడవ పట్టేంత సందు మాత్రం వదిలితే మోటారు పడవ రాలేదు. అందుకు చట్టంలో వీలుంది, ఆ హక్కున్న కుటుంబాలన్నీ ఒప్పుకుంటే. చిక్కు అక్కడే వచ్చింది. దడి పొడిగించాలంటే ఎవరి హద్దు ఎక్కడుందో నలుగురి ముందూ తేలాలి. హద్దు తేలాలంటే గురుతులు చెప్పాలి. ఆ మాట అడగవలసినది దలెందా.

లమ్జద్ పాయ ఒడ్డు కుటుంబాలన్నిటినీ బడి హాల్లో కూర్చోబెట్టాడు. మ్యాపు గోడకు అతికించి, ఎవరి హద్దులు వాళ్ళు చెబితే దలెందా రాసుకుంటుందన్నాడు. వెనక వరసలోంచి ఫర్జల్లా అనే ముసలాయన లేచాడు.

"రాసుకోవడం దేనికి లమ్జద్ గారూ? తిన్నగా రేడియోవాళ్ళనే పిలిపించకపోయారా."

హాలంతా నవ్వింది. దలెందా చేతిలో కలం పక్కన పెట్టింది. ఎదురుగా మూడో వరసలో ఖ్లీఫా ఉన్నాడు. ఆయన నవ్వలేదు. లేచి తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఆయన దడి పాయ నోటికి సరిగ్గా ఆనుకుని ఉంటుంది. ఆయన లేకపోతే మిగిలినవాళ్ళందరూ ఒప్పుకున్నా ద్వారం తెరిచే ఉంటుంది. ఆయన వెనకే ఒక్కొక్కరూ లేచారు.

బయటికొచ్చాక లమ్జద్ మ్యాపు చుట్ట చుడుతూ, "ఈ పని ఇంకెవరికైనా ఇద్దామమ్మా," అన్నాడు. "మీమీద కోపం ఏం లేదు. చూశారుగా."

"ఎవరికిస్తారు?"

లమ్జద్ మ్యాపు చుట్టను చంకలో పెట్టుకున్నాడు.

"మట్టలు నాటే కాలం వచ్చేదాకా ఆగండి," అంది దలెందా. "అప్పటికీ కాకపోతే నేనే రాజీనామా రాసిస్తాను."

నాటేది శరదృతువు మొదట్లో. వేసవి సగం పోయింది. ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. తీర్మానం చిత్తుప్రతి రాసి, నవల పట్టుకెళ్ళినట్టే పట్టుకుని అరుగులు ఎక్కింది. ఆఫీసు భాషలో రాసింది దీవి మాటల్లోకి తిప్పి చదివేది. ఫర్జల్లా ఇంట్లో మొదటి వాక్యం దగ్గరే ఆపేశారు.

"'హక్కుదారులు తమ హద్దులను ప్రకటించవలెను.' ప్రకటించడమేంటి? నేను ప్రకటించను," అన్నాడు ఫర్జల్లా.

"కొట్టేస్తున్నాను."

"కొట్టేస్తే ఇంకేం మిగుల్తుంది?"

"మీరే చెప్పండి, ఏం రాయమంటారో."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. ఎన్నడూ ఎవరూ అడగని ప్రశ్న. చివరికి, ఏమీ రాయొద్దన్నాడు. పక్కింటివాళ్ళూ అదే అన్నారు. మహ్బూబా ఇంట్లో ఆమె భర్త తల వంచుకుని తాడు పీకుతూ, "గురుతులు కాగితం మీదికి ఎక్కకూడదు. అదొక్కటే," అన్నాడు. మహ్బూబా మాత్రం ఇంకొకటి కలపమంది: "మట్టలు కోసేదీ, మోసేదీ ఆడవాళ్ళు. అది రాయి. నాటినోళ్ళ పేరే ఉంటే రేపు మా కోడళ్ళకి తెలియదు."

తిరిగిన కొద్దీ కాగితం చిన్నదైపోయింది. వేసవి చివరికి అందులో కొలతలు లేవు, దిక్కులు లేవు, పేర్లు లేవు. ప్రతి కుటుంబం పెద్దా తన పడవలో తానే వెళ్ళి, తన హద్దు చివర ఒక్క మట్ట నాటాలి. ఎలా వెళ్ళాడో ఎవరూ అడగకూడదు. నాటిన మట్టల్ని కలుపుతూ అందరూ కలిసి దడి కట్టాలి. మట్టలు ఆడవాళ్ళు కోసి ఇస్తారు. అంతే.

లమ్జద్ అది చదివి కళ్ళజోడు తీశాడు. "ఏమ్మా, ఇది తీర్మానమా, పెళ్ళి పిలుపా? హద్దెక్కడో లేకుండా పైకి ఎలా పంపను?"

"హద్దు నీళ్ళలో ఉంటుంది. మట్ట నాటాక మీ ఇంజినీరుని పంపి కొలుచుకోండి. ఎదుటివాళ్ళు చూసేది మట్టని, గురుతుల్ని కాదు."

లమ్జద్ ఆలోచించాడు. మందుల చీటీ చదివినట్టు ఇంకోసారి చదివాడు. "ఖ్లీఫా గారు ఒప్పుకున్నారా?"

"ఇంకా వెళ్ళలేదు."

ఆ సాయంత్రం వెళ్ళింది. ఖ్లీఫా పెరట్లో కూర్చుని మావు అల్లుతున్నాడు. పిన్ని కుర్చీ వేసి లోపలికి వెళ్ళి తలుపు పూర్తిగా మూయకుండా వదిలింది. దలెందా కుర్చీలో కూర్చోలేదు, నేలమీద కూర్చుని కాగితం తీసి చదివింది. ఆయన చేతులు ఆగలేదు. చదవడం అయిపోయింది.

"మళ్ళీ చదువు," అన్నాడు. ఇన్నేళ్ళకు ఆమెతో అన్న మొదటి మాట అది.

చదివింది.

"ఇందులో నా చోటెక్కడుంది?"

"లేదు చిన్నాన్నా."

"మరి వాళ్ళకెలా తెలుస్తుంది?"

"మీరు వెళ్ళి నాటితే తెలుస్తుంది. నాటకపోతే తెలీదు."

ఆయన మావు తిప్పి అవతలి వైపు అల్లడం మొదలుపెట్టాడు. "పుస్తకం రాసేటప్పుడు ఈ బుద్ధి ఎక్కడికి పోయింది?"

"అప్పుడు లేదు."

"ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

"మీ కుండలు పోయాక వచ్చింది."

లోపల పిన్ని గిన్నెల చప్పుడు ఆగింది. ఖ్లీఫా మావు పక్కన పెట్టాడు. "పొద్దుపోయింది. మీ పిన్ని జొన్నరవ్వ వండింది. తినేసి పో," అన్నాడు. తన పళ్ళెం తీసుకుని ఆయన మాత్రం లోపలికి వెళ్ళి తిన్నాడు.

కౌన్సిల్‌లో తీర్మానం నెగ్గింది. అందరూ చేతులెత్తారు, ఏమీ లేని కాగితానికి చెయ్యెత్తడంలో నష్టమేముందని. నాటే రోజు ఆటు నీటి వేళకు రేవు నిండా పడవలున్నాయి. గట్టు మీద మట్టలు ఇంటి ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆడవాళ్ళ చేతులు ముళ్ళు గీరుకుని ఎర్రగా ఉన్నాయి. పడవలు మాత్రం కదల్లేదు. పాయ నోటి హక్కుదారు మొదట నాటాలి, అది పాత కట్టుబాటు. ఖ్లీఫా పడవ కట్టే చోట తాడు ఒక్కటే ఉంది, పడవ లేదు.

"రాడు," అన్నాడు ఫర్జల్లా.

"ఆయన వస్తే నీ మీసం గీయిస్తావా?" అంది మహ్బూబా. "పొద్దున్నించీ చూస్తున్నా, రాడు, రాడు. రాకపోతే నీకేదో వాటా వచ్చేటట్టు."

నీళ్ళు తగ్గుతున్నాయి. లమ్జద్ గడియారం చూసుకుని, చూసుకోనట్టు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. దలెందా గట్టు కొసన నిలబడి ఉంది. రాజీనామా మాట ఇచ్చింది ఆమెకు గుర్తుంది. దానికంటే, ఇంకో ఏడాది కీస్ పడవలు ఆ పాయలో తిరిగితే ఇక అడగడానికి ఎవరికీ ఏమీ మిగలదని కూడా తెలుసు.

తూర్పున మడుగుల వైపు నుంచి తెరచాప ఒకటి వచ్చింది. పడవ నీళ్ళకు అంచు తాకేలా మునిగి ఉంది. ఖ్లీఫా తన మట్టలు తానే, తన తోటలోనే కోసుకుని, అటువైపు ఎక్కించుకుని వచ్చాడు. ఎవర్నీ చూడలేదు. పడవ గట్టుకు ఆనించి దలెందాతో, "ఎక్కు," అన్నాడు.

"నేనా?"

"మరి? నేను నీళ్ళలో దిగి నాటుతుంటే పడవ ఎవడు పట్టుకుంటాడు, లమ్జదా?"

గట్టు మీద నవ్వు లేచింది. లమ్జదే ముందు నవ్వాడు. దలెందా చెప్పులు విడిచి మట్టల మీద కాలు పెట్టి ఎక్కింది. ఆడవాళ్ళెవరూ ఆ పడవల్లో దడి కట్టడానికి వెళ్ళిన గుర్తు ఊళ్ళో ఎవరికీ లేదు. అభ్యంతరం చెప్పినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

పాయ నోటి దగ్గర ఖ్లీఫా తెరచాప దించాడు. ఒడ్డుకేసి ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ చూశాడు. ఆమె చుక్కాని చూస్తూ కూర్చుంది. తల ఎత్తలేదు. ఆయన అది గమనించాడు.

"ఆకాశం చూడొచ్చులే. నిషేధం లేదు," అన్నాడు.

నడుం లోతు నీళ్ళలో దిగి ఇనప గునపంతో బురదలో గుంట చేసి మట్ట దించాడు. రెండు చేతులతో ఊపి చూశాడు. నిలిచింది. అప్పుడు వెనకనుంచి పడవలు కదిలాయి. ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు, మిగిలినవాళ్ళకు వీపు తిప్పుకుని, ఎవరి హద్దుకు వాళ్ళు. ఎవరూ ఎవరివంకా చూడకూడదని చెప్పలేదు, ఎవరూ చూడలేదు. మట్టలు ఒకటొకటిగా నీళ్ళలోంచి లేచాయి. ఫర్జల్లా తన మట్ట నాటి, దాన్నే పట్టుకుని ఊపిరి తీసుకుంటూ, "ఏం టీచరమ్మా, రేడియోవాళ్ళు రాలేదా?" అని కేకేశాడు. ఈసారి దెప్పు లేదు ఆ మాటలో.

తర్వాత పనంతా కలిసి చేశారు. పడుచువాళ్ళు మట్టల్ని మట్టలకు నారతో కట్టారు. ఆడవాళ్ళు గట్టు నుంచి నీళ్ళలోకి నడిచి వచ్చి మోపులు అందించారు. చీర కుచ్చెళ్ళలాగా ఒంటికి చుట్టుకునే దుప్పట్లు నడుముకు దోపుకుని, ఎవరి కోడలు బరువు మోయలేకపోతోందో చెప్పుకుంటూ. లమ్జద్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి దిగాడు, నీళ్ళు తొడలదాకా ఉన్నాయి. సాయంత్రానికి పాయకు అటూ ఇటూ దడి నిలిచింది. మధ్యన ఒక తెరచాప పడవ పట్టే సందు.

సూర్యుడు దిగుతుండగా కీస్ పడవ వచ్చింది. రోజూ వచ్చే వేళకే వచ్చింది. దడి కనబడి మోటారు తగ్గించింది. ఒకసారి కూత వేసింది. నీళ్ళలో ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు, చేతుల్లో మట్టలు పట్టుకుని దడి పొడవునా నిలబడ్డారు. రెండోసారి కూత వేసింది. ఖ్లీఫా పడవలోకి ఎక్కి కూర్చుని ఎండు అత్తిపండు ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. కీస్ పడవ అక్కడే కాసేపు ఊగింది. తర్వాత ముక్కు తిప్పుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. దాని వెనక అల దడిని తాకి, మట్టల మధ్యనుంచి చీలి, ఇవతలికి వచ్చేసరికి చదునైపోయింది.

గట్టు మీద ముసలమ్మలు నాలుకలు ఆడించి సంతోషపు కూత పెట్టారు. డప్పులవాళ్ళు పెళ్ళిళ్ళకు తొడుక్కునే తెల్లటి పొడుగు అంగీలతోనే పరుగెత్తుకొచ్చారు. ఆ రాత్రి వాళ్ళకు వేరే ఊళ్ళో పెళ్ళుంది, వాళ్ళు ఆలస్యంగా వెళ్ళారు.

మరుసటి ఎన్నికల్లో జాబితా మొదట్లో దలెందా పేరే ఉంది. లమ్జదే పెట్టాడు. పక్క దీవి ఊళ్ళనుంచి ఆ తీర్మానం నకలు కావాలని మనుషులు వచ్చేవాళ్ళు. అందులో చదవడానికేమీ లేదని తెలిశాక ఆమెనే రమ్మనేవాళ్ళు. ఆమె వెళ్ళి అరుగులెక్కేది. అధ్యక్షురాలై, ఆ పని మధ్యలోనే మరో రెండు నవలలు రాసింది.

ఇవన్నీ తర్వాతివి. ఆ సాయంత్రం మాత్రం గాలి పడిపోయి, ఖ్లీఫా తెడ్డు వేస్తూ చుక్కాని ఆమెకిచ్చాడు. డప్పులు వినబడే వైపుకు పోవాలి. పడవ వంకరగా పోయింది.

"తిన్నగా పట్టవే," అన్నాడు. "నలుగురూ చూస్తున్నారు."

"మీరు తెడ్డు ఒకే పక్క వేస్తున్నారు చిన్నాన్నా."

"నాకు నేర్పుతావా?" అని ఆయన రెండో పక్క వేశాడు.